నిశాంత్‌ను ఎగరేసిన తిరుగుడు ఇంజిన్: కోలార్ పరీక్ష నుంచి నేటి డ్రోన్ల దాకా

2009 మార్చి 29, ఆదివారం ఉదయం. కర్ణాటకలోని కోలార్ దగ్గర, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాడకం లేకుండా పోయిన పాత రన్‌వే నుంచి పైలట్ లేని చిన్న విమానం ఒకటి గాల్లోకి లేచింది. 1.8 కిలోమీటర్ల ఎత్తుకు చేరి 35 నిమిషాలు తిరిగింది. మొత్తం 40 నిమిషాల తర్వాత ఎండిన చెరువులో, అనుకున్న చోటే క్షేమంగా దిగింది.

ఆ విమానం పేరు నిశాంత్. అది అప్పటికి కొత్తదేమీ కాదు, 1995 నుంచే ఎగురుతోంది. ఆ రోజు కొత్తగా ఉన్నది దాని ఇంజిన్. పైకీ కిందికీ కదిలే పిస్టన్ లేని వాంకెల్ రోటరీ ఇంజిన్‌ను మన దేశంలోనే తయారుచేసి, దానితో విమానాన్ని ఎగరేయడం అదే మొదటిసారి. చిత్తూరు జిల్లాకు ఆనుకుని, ఊరూరా తెలుగు వినిపించే కోలార్ ప్రాంతం అలా భారత ఇంజిన్ల చరిత్రలో ఒక చిన్న మైలురాయికి వేదికైంది.

పదిహేనేళ్లు గడిచాక ఇదే రకం ఇంజిన్ పేరు మళ్లీ వినిపించింది. ఈసారి ఆత్మాహుతి డ్రోన్ల సందర్భంలో. మోటారు కార్ల ప్రపంచం దాదాపు వదిలేసిన ఈ ఇంజిన్‌కు డ్రోన్లలో ఎందుకు చోటు దొరికింది? దాన్ని సొంతంగా తయారుచేసుకోవడం ఎందుకంత కష్టమైంది?

పిస్టన్‌తో వచ్చిన చిక్కేంటి?

బైకు నుంచి రైలు దాకా మనం చూసే ఇంజిన్లలో ఎక్కువ భాగం పిస్టన్ ఇంజిన్లే. సిలిండర్‌లో ఇంధనం మండితే పిస్టన్ కిందికి దిగుతుంది, మళ్లీ పైకి వస్తుంది. ఆ ముందువెనకల కదలికను కనెక్టింగ్ రాడ్, క్రాంక్ షాఫ్ట్ కలిసి గుండ్రటి కదలికగా మారుస్తాయి. గాలి లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ వాల్వులు, వాటిని నడిపే క్యామ్ షాఫ్ట్ కావాలి.

ఈ ఏర్పాటులో పిస్టన్ ప్రతి చుట్టులో రెండుసార్లు ఆగి దిశ మార్చుకోవాలి. నిమిషానికి కొన్ని వేలసార్లు ఇలా ఆగి, మళ్లీ కదలడం వల్ల ఇంజిన్ అదురుతుంది. ఆ అదురును తట్టుకోవడానికి భాగాలను దృఢంగా చేయాలి. దృఢంగా చేస్తే బరువు పెరుగుతుంది.

నేల మీద ఇది పెద్ద సమస్య కాదు. బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో ఇంజిన్ బరువు గురించి ఎవరూ బాధపడరు. దేశమంతటా దశాబ్దాల పాటు నడిచిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ లోకో 2,600 హార్స్‌పవర్ ఇచ్చేది, 112.8 టన్నులు తూగేది. పట్టాల మీద చక్రం జారకుండా పట్టు దొరకాలంటే రైలింజన్‌కు బరువు ఉండాల్సిందే. గాల్లో ఎగిరేదానికి లెక్క తిరగబడుతుంది. ఇంజిన్‌లో ఒక కిలో పెరిగితే కెమెరాకో, ఇంధనానికో ఒక కిలో తగ్గించుకోవాలి.

వాంకెల్ ఇంజిన్ ఎలా పనిచేస్తుంది?

వేరుశనగ కాయలా నడుము దగ్గర కాస్త నొక్కుకున్న ఒక గదిని ఊహించుకోండి. అందులో భుజాలు ఉబ్బిన త్రిభుజం ఆకారపు రోటర్ ఉంటుంది. దాని మూడు కొనలూ ఎప్పుడూ గది గోడను తాకుతూనే తిరుగుతాయి. అందువల్ల రోటర్‌కూ గోడకూ మధ్య మూడు వేర్వేరు గదులు ఏర్పడతాయి. రోటర్ తిరిగే కొద్దీ ప్రతి గదీ పెద్దదవుతూ, చిన్నదవుతూ ఉంటుంది.

గది పెద్దదవుతున్నప్పుడు గాలి, ఇంధనం లోపలికి వస్తాయి. చిన్నదవుతున్నప్పుడు నొక్కుకుంటాయి. అక్కడ స్పార్క్ ప్లగ్ నిప్పు అంటిస్తుంది. మండిన వాయువు రోటర్‌ను తోస్తుంది. ఆఖరున పొగ బయటికి పోతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో జరిగే నాలుగు పనులూ ఇక్కడా జరుగుతాయి. తేడా ఏమిటంటే ఒక్కో పని గదిలో ఒక్కో చోట జరుగుతుంది. గోడలోని రంధ్రాలను రోటరే మూస్తూ తెరుస్తూ వెళ్తుంది కాబట్టి వాల్వులతో పనిలేదు.

రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు మధ్యలోని షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. ఆ మూడు చుట్లలో రోటర్ మూడు వైపులా ఒక్కోసారి ఇంధనం మండుతుంది. అంటే షాఫ్ట్ ప్రతి చుట్టుకూ ఒక తోపు అందుతుంది. ఒకే సిలిండర్ ఉన్న నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒక్క తోపే దొరుకుతుంది. వాంకెల్‌లో ప్రధానంగా కదిలే భాగాలు రెండే: రోటర్, షాఫ్ట్. అందుకే అది చిన్నగా, తేలికగా, తక్కువ అదురుతో ఎక్కువ శక్తి ఇస్తుంది.

కార్ల కంపెనీలు ఎందుకు వెనక్కి తగ్గాయి?

ఈ ఇంజిన్‌కు పేరిచ్చిన ఫెలిక్స్ వాంకెల్ 1902లో జర్మనీలో పుట్టారు. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. 1929లోనే ఆయనకు తొలి పేటెంట్ దక్కినా, పనిచేసే ఇంజిన్ రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. జర్మన్ కంపెనీ ఎన్‌ఎస్‌యూలో 1957 ఫిబ్రవరి 1న డీకేఎం-54 అనే తొలి నమూనా నడిచింది. అందులో రోటర్‌తో పాటు దాని చుట్టూ ఉన్న గది కూడా తిరిగేది. స్పార్క్ ప్లగ్ మార్చాలన్నా ఇంజిన్ విప్పాల్సి వచ్చేది. ఎన్‌ఎస్‌యూ ఇంజినీర్ హాన్స్ డీటర్ పాష్కే గదిని స్థిరంగా ఉంచి రోటర్‌ను మాత్రమే తిప్పే సరళమైన రూపం తయారుచేశారు. ఈ రోజు వాంకెల్ ఇంజిన్ అంటున్నది ఆ రూపాన్నే.

1960లలో దీని మీద ఆశలు ఆకాశాన్ని అంటాయి. కర్టిస్-రైట్, డైమ్లర్-బెంజ్, జనరల్ మోటార్స్ లాంటి పెద్ద కంపెనీలు లైసెన్సులు కొన్నాయి. ఎన్‌ఎస్‌యూ 1967లో తెచ్చిన రో-80 కారు మరుసటి ఏడాది యూరప్ ఉత్తమ కారుగా ఎంపికైంది. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. రోటర్ కొనల దగ్గరుండే సీళ్లు త్వరగా అరిగిపోయేవి. వారంటీ కింద ఇంజిన్లు మార్చి ఇవ్వడం కంపెనీకి పెనుభారమైంది. 1969లో ఎన్‌ఎస్‌యూ ఫోక్స్‌వ్యాగన్ గొడుగు కిందికి వెళ్లి ఆటో యూనియన్‌లో కలిసిపోయింది.

అసలు చిక్కు ఆ సీళ్లలోనే ఉంది. పిస్టన్ రింగు వెడల్పుగా, ఒకే కోణంలో సిలిండర్ గోడకు ఆనుకుని ఉంటుంది. వాంకెల్ సీలు గోడను సన్నని గీతలా మాత్రమే తాకుతుంది. తిరిగే కొద్దీ ఆ తాకే కోణం మారుతూనే ఉంటుంది. ఒక దశలో సీలు వణుకుతూ గోడ మీద అలల్లాంటి గీతలు వేసేది. జపాన్‌లో మాజ్దా ఇంజినీర్లు ఆ గీతలకు ‘దెయ్యం గోళ్ల గీతలు’ అని పేరు పెట్టుకున్నారు. కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఇంజినీర్ల బృందం కార్బన్, అల్యూమినియం కలిపిన సీళ్లతో ఆ సమస్యను దాటింది. 1967లో మాజ్దా కాస్మో స్పోర్ట్ మార్కెట్‌లోకి వచ్చింది.

రెండో చిక్కు ఇంధనం. వాంకెల్‌లో మంట రేగే గది పొడవుగా, పల్చగా ఉంటుంది. మంట అంచుల దాకా పూర్తిగా పాకదు. గోడలు ఎక్కువ వేడిని లాగేసుకుంటాయి. కొంత ఇంధనం మండకుండానే బయటికి పోతుంది. 1973 చమురు సంక్షోభంలో పెట్రోలు ధరలు భగ్గుమన్నాక ఈ లోపాన్ని ఎవరూ క్షమించలేదు. జనరల్ మోటార్స్ తన ప్రాజెక్టును పక్కన పెట్టింది. మిగిలింది దాదాపు మాజ్దా ఒక్కటే. 1991లో ఆ కంపెనీ 787బీ కారు లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. జపాన్ కంపెనీకి అక్కడ దక్కిన తొలి గెలుపు అది. అయినా 2012లో ఆర్‌ఎక్స్-8 ఉత్పత్తి ఆగిపోయింది. 2023లో మాజ్దా మళ్లీ ఒక రోటరీ ఇంజిన్ తెచ్చినా, అది నేరుగా చక్రాలను తిప్పదు. ఎంఎక్స్-30 ఎలక్ట్రిక్ కారులో జనరేటర్‌గా బ్యాటరీకి కరెంటు అందిస్తుంది.

డ్రోన్లకు ఎందుకు నచ్చింది?

కారుకు శాపమైన లోపాలు డ్రోన్ విషయంలో అంత బరువుగా తోచవు. కారు ఇంజిన్ లక్షల కిలోమీటర్లు నడవాలి. డ్రోన్ ఇంజిన్‌ను కొన్ని వందల గంటలకు విప్పి బాగు చేసుకోవచ్చు. కారు కొనేవాళ్లు లీటరుకు ఎన్ని కిలోమీటర్లని అడుగుతారు. డ్రోన్ రూపకర్త ముందు కిలోకు ఎన్ని హార్స్‌పవర్లని అడుగుతారు. పైగా అదురు తక్కువ కాబట్టి కెమెరా తీసే దృశ్యం నిలకడగా ఉంటుంది.

ఈ అవకాశాన్ని మొదట పట్టుకున్నది బ్రిటన్. అక్కడ బీఎస్‌ఏ, ఆ తర్వాత నార్టన్ మోటార్‌సైకిల్ కంపెనీల్లో సాగిన రోటరీ పరిశోధన నుంచి షెన్‌స్టోన్‌లోని యూఏవీ ఇంజిన్స్ లిమిటెడ్ పుట్టింది. ఇజ్రాయెల్ హార్పీ, హెర్మిస్-450 డ్రోన్లు ఆ కంపెనీ ఇంజిన్లతో ఎగిరినవే. ఆ తర్వాత ఆ కంపెనీ ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్ చేతికి వెళ్లింది. హైదరాబాద్‌లో అదానీతో కలిసి డ్రోన్ల కర్మాగారం పెట్టింది ఈ ఎల్బిటే. ఇరాన్ షాహెద్-131 డ్రోన్‌లో ఉన్నదీ వాంకెల్ ఇంజినే.

నిశాంత్ కూడా బ్రిటన్ నుంచి వచ్చిన ఆల్విస్ ఏఆర్-801 రోటరీ ఇంజిన్‌తోనే మొదలైంది. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్, అంటే ఏడీఈ, సైన్యం కోసం రూపొందించిన నిఘా విమానం అది. రెక్కల విస్తీర్ణం 6.57 మీటర్లు, బరువు సుమారు 380 కిలోలు. దానికి చక్రాలు లేవు. టాట్రా ట్రక్కు మీద అమర్చిన లాంచర్ దాన్ని గుండేలు నుంచి రాయి విసిరినట్టు గాల్లోకి విసిరేది. పని ముగిశాక పారాచూట్‌తో దిగేది. నేల తాకే దెబ్బ తగలకుండా పొట్ట కింద గాలి సంచులు తెరుచుకునేవి. రన్‌వే అక్కర్లేదు కాబట్టి సరిహద్దులో ఎక్కడినుంచైనా ఎగరేయొచ్చన్నది ఆలోచన. అయితే దాన్ని నడిపే ఇంజిన్ మాత్రం విదేశీ సరుకు.

మూడు సంస్థలు, ఒక ఇంజిన్

దేశీయ ఇంజిన్‌కు డబ్బు ఇచ్చింది డీఆర్‌డీఓ. పనిని మూడు సంస్థలు పంచుకున్నాయి. ఇంజిన్ గుండెకాయ లాంటి భాగాన్ని బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అంటే ఎన్‌ఏఎల్, రూపొందించింది. ఇది సీఎస్‌ఐఆర్ కింద పనిచేసే పౌర పరిశోధనాలయం. మంట అంటించే వ్యవస్థ, ఇంధన వ్యవస్థ లాంటి అనుబంధ భాగాలను మహారాష్ట్ర అహ్మద్‌నగర్‌లోని వాహన పరిశోధన సంస్థ వీఆర్‌డీఈ చూసుకుంది. విమానంలో అమర్చి ఎగరేసే బాధ్యత ఏడీఈది.

అలా తయారైన ఇంజిన్ బరువు సుమారు 30 కిలోలు, శక్తి 55 హార్స్‌పవర్. అంటే ఒక మనిషి ఎత్తగలిగే ఇంజిన్ ఒక చిన్న కారును నడిపేంత శక్తి ఇస్తుంది.

ఇందులో అన్నిటికంటే కష్టమైన పని కంటికి కనిపించనిది. అదే గది లోపలి గోడకు వేసే పూత. బరువు తగ్గాలంటే గదిని అల్యూమినియం మిశ్రమ లోహంతో పోత పోయాలి. అల్యూమినియం వేడిని బాగా బయటికి పంపుతుంది, కానీ మెత్తన. సీలు రాపిడికి నిలవదు. అందుకే దాని మీద నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిసిన పూత వేస్తారు. నికెల్ ద్రావణంలో ఆ గట్టి రేణువులను తేలియాడేలా ఉంచి కరెంటు పంపితే, గోడ మీద నికెల్ పేరుకుంటూ రేణువులను తనలో బిగించుకుంటుంది. ఈ విధానాన్ని జర్మనీ కంపెనీ మాలే 1960లలో వాంకెల్ ఇంజిన్ కోసమే మొదట తీసుకొచ్చింది. ఆ తర్వాత మోటార్‌సైకిళ్ల సిలిండర్లకూ పాకింది.

చెప్పడానికి ఇంత తేలికైన పని చేయడానికి తేలిక కాదు. గుండ్రటి సిలిండర్‌కు సమానంగా పూత వేయడం వేరు, నడుము నొక్కుకున్న వేరుశనగ ఆకారానికి వేయడం వేరు. పూత ఎక్కడైనా పలచబడితే సీలు అక్కడే గీరుతుంది. పైగా ఈ గది అంతటా వేడి ఒకేలా ఉండదు. మంట ఎప్పుడూ ఒకే వైపు రేగుతుంది, చల్లగాలి ఎప్పుడూ ఇంకో వైపు నుంచే వస్తుంది. ఒక పక్క కాలుతూ, మరో పక్క చల్లగా ఉండే లోహం వంకర పోకూడదు, పూత లేచిపోకూడదు. ప్రత్యేక అల్యూమినియం పోతనూ, ఈ పూతనూ ఎన్‌ఏఎల్ సొంతంగా సాధించింది. కోలార్ విజయంలో అసలు సారం ఇదే.

నేల మీద దీర్ఘకాలిక పరీక్షలు పూర్తయ్యాక సైనిక విమానాలకు అనుమతులిచ్చే ప్రాంతీయ కేంద్రం, ఆర్‌సీఎంఏ, తాత్కాలిక అనుమతి ఇచ్చింది. ఆ అనుమతితోనే మార్చి 29న నిశాంత్ ఎగిరింది. దిగుమతి ఇంజిన్ స్థానంలోకి ఇక ఇదే వస్తుందని డీఆర్‌డీఓ అప్పట్లో ఆశించింది.

ఇంజిన్ వచ్చింది, విమానం పోయింది

ఆ ఆశ అనుకున్నట్టు సాగలేదు. సైన్యం చేతికి వచ్చిన నిశాంత్‌లు నాలుగే. 2015 నవంబరు నాటికి నాలుగూ కూలిపోయాయి. చివరిది రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర కూలింది. సైన్యం ఇక కొత్తవి వద్దనుకుంది. చక్రాలతో రన్‌వే మీద దిగేలా మార్చిన ‘పంచి’ అనే రూపం 2014 డిసెంబరులో ఎగిరినా, నిశాంత్ కథ అక్కడితో ముగిసింది.

ఒక ఇంజిన్‌ను ఒకే విమానానికి కట్టేస్తే ఏమవుతుందో ఈ కథ చెబుతోంది. ఇంజిన్ ఎంత బాగున్నా, అది బిగించే విమానం ఆగిపోతే దానికి పనే ఉండదు. పని లేకపోతే వందల సంఖ్యలో తయారుచేసే అవకాశం రాదు. వందల్లో తయారుచేసి, వేల గంటలు నడిపితే తప్ప ఏ సీలు ఎన్ని గంటలకు అరుగుతుందో, ఏ పూత ఎక్కడ లేస్తుందో తేలదు. మాజ్దా గెలవడానికీ మిగతావాళ్లు తప్పుకోవడానికీ తేడా అక్కడే ఉంది. మాజ్దా దశాబ్దాల పాటు ఒకే ఇంజిన్‌ను అమ్ముతూ, విప్పుతూ, దిద్దుతూ పోయింది.

సొంత ఇంజిన్ ఎందుకు కావాలి?

బయట నుంచి కొనుక్కుంటే సరిపోదా అన్న ప్రశ్న సహజం. దానికి టర్కీ అనుభవం ఒక జవాబు. 2020లో నాగోర్నో-కరబఖ్ యుద్ధంలో టర్కీ తయారీ బైరక్తార్ టీబీ-2 డ్రోన్లు వాడారు. వాటిలో ఉన్నవి ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ ఇంజిన్లు. ఆ ఏడాది అక్టోబరులో రోటాక్స్ మాతృసంస్థ, కెనడాకు చెందిన బీఆర్‌పీ, వాడకం ఎలా ఉంటుందో స్పష్టంగా తెలియని దేశాలకు విమాన ఇంజిన్ల సరఫరా ఆపేసింది. విమానం సొంతదే, ఇంజిన్ పరాయిది. యుద్ధం మధ్యలో ఆ తేడా బయటపడింది.

భారత్‌కూ ఇది కొత్త పాఠం కాదు. ఏడీఈ పెద్ద డ్రోన్ తపస్‌ను 2016లో తొలిసారి ఎగరేసినప్పుడు దానికి అమర్చినవి రష్యా ఇంజిన్లు. దానికి దేశీయ డీజిల్ ఇంజిన్ తయారీ పని మళ్లీ వీఆర్‌డీఈకే అప్పగించారు. రెక్కలు, కెమెరాలు, సాఫ్ట్‌వేర్‌లలో ఎంత ముందుకు వెళ్లినా, చిన్న ఇంజిన్ దగ్గరే బండి ఆగుతోందన్నది ఈ రెండు విమానాల అనుభవం.

2024 ఆగస్టులో ఎన్‌ఏఎల్ ఆత్మాహుతి డ్రోన్ ప్రణాళికను బయటపెట్టింది. పొడవు సుమారు 2.8 మీటర్లు, రెక్కల విస్తీర్ణం 3.5 మీటర్లు, బరువు 120 కిలోలు. 25 కిలోల పేలుడు పదార్థంతో సుమారు 9 గంటలు గాల్లో ఉండగలదని ఆ సంస్థ ప్రకటించింది. దానికి ఎంచుకున్నది తానే రూపొందించిన 30 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజిన్. నిశాంత్ పోయినా, దాని కోసం నేర్చుకున్న పూత, పోత, సీళ్ల పని వృథా కాలేదన్నమాట.

ఇలాంటి డ్రోన్‌కు వాంకెల్ ఇంకా బాగా నప్పుతుంది. తిరిగి రాని విమానానికి ఇంజిన్ ఎన్ని వందల గంటలు మన్నుతుందన్న ప్రశ్నే ఉండదు. ఒక్క ప్రయాణం నమ్మకంగా పూర్తి చేస్తే చాలు. కానీ అలాంటి విమానాలు ఒకటీ రెండూ ఉంటే సరిపోవు, వందల్లో కావాలి. ప్రయోగశాలలో ఒక్కో గదికీ జాగ్రత్తగా పూత వేయడం ఒక ఎత్తు. ఫ్యాక్టరీలో వందో గదీ మొదటి గదిలాగే రావడం మరో ఎత్తు. ఇకపై పరీక్ష అక్కడే.

ముందున్న దారి

ఈ డిజైన్‌ను ప్రపంచం ఇంకా వదిలేయలేదు. అమెరికాలో లిక్విడ్‌పిస్టన్ అనే కంపెనీ వాంకెల్‌ను తిరగేసినట్టుండే ఇంజిన్ మీద పనిచేస్తోంది. అందులో రోటర్‌కు రెండు కొనలే ఉంటాయి. కొన సీళ్లు రోటర్‌తో పాటు తిరగవు, గోడలోనే స్థిరంగా ఉంటాయి. స్థిరంగా ఉన్న సీలుకు నూనె అందించడం తేలిక. దశాబ్దాలుగా వేధిస్తున్న ఆ పాత చిక్కును మరో వైపు నుంచి విప్పే ప్రయత్నం ఇది.

భారత్ దగ్గర ఇప్పుడు ఎగిరి చూపించిన ఒక ఇంజిన్, దాన్ని చేయగల ఒక ప్రయోగశాల, దానికి పని ఇచ్చే ఒక కొత్త విమానం ఉన్నాయి. 2009లో మూడోది నిలవలేదు. ఈసారి ఆ విమానం నిలిచి, ఇంజిన్‌ను పెద్ద సంఖ్యలో పోత పోసి, పూత వేసే పరిశ్రమ ఏర్పడితేనే కోలార్‌లో ఆ 40 నిమిషాలు ఒక ఆరంభమవుతాయి. లేకపోతే నిశాంత్‌కు జరిగినట్టే ఇంజిన్ సిద్ధమయ్యే సరికి విమానం ఉండదు.